అమ్మ బెల్లాన్ని తిట్టిన రోజు

ఆ రోజుల్లో మా బళ్లారిలో వాన పడితే ఎవరూ ముఖం చిట్లించేవారు కాదు. చిట్లించడానికి అసలు అలవాటుండాలి కదా! ఏడాదంతా ఎండకు మాడి, ఎర్రదుమ్ము తిని బతికే ఊరికి వానంటే ఇంటికొచ్చిన వియ్యంకుడితో సమానం. మా అవ్వ (నాయన వాళ్లమ్మ) ఉన్న ఇంట్లో అయితే అదొక చట్టం. మిద్దె మీది వడియాలు తడిసినా, బడి నుంచి వస్తూ నేను బురదలో జారిపడినా, "వానను ఏమీ అనగూడదు. అలిగిందంటే మళ్లా యాడ వెతుకుతారు?" అనేది. ఒకసారి మా తమ్ముడు "వానా, పోవే" అన్నందుకు వాణ్ని ఆకాశం వైపు తిప్పి లెంపలు వేయించింది. (వాడు వేసుకుంటుండగానే ఎండ కాసింది. అదీ వాడి తప్పే అయింది.)

మాది బజారులో బెల్లం, చింతపండు టోకు అంగడి. అంగడికి సెలవంటే అమావాస్య ఒక్కటే. ఆ రోజు కూడా నాయన పొద్దున్నే వెళ్లి తాళం ఒకసారి లాగి చూసి వచ్చేవాడు. ఇక అమ్మ పుట్టింది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట పల్లెలో. బావిలో తప్ప నీళ్లు చూసిన మనిషి కాదు. హోస్పేట డ్యాం నిండి గేట్లు ఎత్తితే నీళ్లు పొగ మాదిరి పైకి లేస్తాయని, ఎంతో దూరాన నిల్చున్నా ముఖం తడుస్తుందని పక్కింటి అత్త ఏటా వెళ్లొచ్చి చెప్పేది. అమ్మ రొట్టె తట్టడం ఆపి, "అంత నీళ్లా!" అని ఏటా ఆశ్చర్యపోయేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నాయనను నోరు తెరిచి అడిగింది ఆ డ్యాం ఒక్కటే. నాయన కూడా ఏటా ఒకే మాట చెప్పేవాడు, "పోదాంలే" అని.

ఒక ఏడు ఏ దేవుడు పూనాడో, "ఈ అమావాస్యకు పోదాం, టెంపో మాట్లాడినా" అన్నాడు. అమ్మ ఆ రాత్రి పడుకుందో లేదో నాకు తెలియదు. తెల్లారేసరికి చిత్రాన్నం, పెరుగన్నం, చెనక్కాయల పొడి గిన్నెల్లోకి ఎక్కేశాయి. అమ్మ పెళ్లినాటి మొలకాల్మూరు పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. ఆమెను పండగనాడు కూడా అంత అందంగా నేను చూడలేదు. ఇంతలో టెంపో వచ్చింది. వెనకాల సగం దాకా బెల్లం మూటలు.

"ఇదేంది?" అంది అమ్మ.

"ఎట్లాగూ హోస్పేటకే పోతాండాం గదా, బండి ఖాళీగా పోతే ఏం బాగుంటాది? ఆడ అంగట్లో దించేసి అట్లనే డ్యాం కాడికి పోదాం. దారే!" అన్నాడు నాయన, తనకొచ్చిన తెలివికి తానే మురిసిపోతూ. ఆయన్ని అనేందుకు లేదు. ఖాళీ బండి తోలడం మా ఇంటి మగవాళ్ల రక్తంలోనే లేదు. మా చిన్నాయన పెళ్లికి పోయిన బస్సు మీద కూడా చింతపండు ఉండింది. పెళ్లికొడుకు నుదుటికి బాసికం కడుతుంటే ఇద్దరు పెద్దమనుషులు బస్సు కాడ తూకం గురించి కొట్లాడుకున్నారని చెబుతారు.

ముందు సీట్లో డ్రైవర్ భాయ్, నాయన, అవ్వ. వెనకాల పైకప్పు లేని తొట్టిలో అమ్మ, నేను, తమ్ముడు, బెల్లం. మధ్యలో అద్దం లేని చిన్న కిటికీ ఒకటి ఉండేది. అందులోంచి అవ్వ అప్పుడప్పుడు మమ్మల్ని చూసి, ఉన్నామని నమ్మకం కుదిరాక తిరిగి కూర్చునేది. కుడితిని ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఆ తరువాత సండూరు కొండల వైపు నుంచి ఆకాశం దిగజారిపోతూ వచ్చింది. అవ్వ లోపలి నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తోరణగల్లు దాటగానే దండం ఫలించింది.

అట్లాంటి వాన నేను మళ్లీ చూడలేదు. బండిలో కప్పుకోను టార్పాలిన్ పట్ట ఒక్కటే ఉంది. నాయన గబగబా దిగాడు, డ్రైవర్ భాయ్‌తో కలిసి పట్ట విప్పాడు. మేం ముగ్గురం దగ్గరగా జరిగి తలలు వంచుకున్నాం, కప్పుతారని. వాళ్లు దాన్ని తీసుకెళ్లి బెల్లం మూటల మీద పరిచి, చుట్టూ తాడు బిగించి కట్టారు. అమ్మ నాయనకేసి చూసింది. ఆయన నిజాయితీగానే చెప్పాడు: "మనుషులు తడిస్తే ఆరతారు. బెల్లం తడిస్తే ఆరతాదా?"

బండి కదిలింది. ఎదురుగా వచ్చే మైను లారీలు ఎర్రబురదను మా మీదకు చిమ్మి పోతున్నాయి. కనకాంబరాలు ఒక్కొక్కటే జారిపోయాయి. వానను ఏమీ అనగూడదు, అవ్వ వింటుంది. అత్త ముందర మొగుణ్ని అసలే అనగూడదు. అమ్మ ఎంతసేపు పట్టుకుందో గానీ, చివరికి పక్కనున్న మూట మీద అరచేత్తో ఒక్కటి వేసింది. "నీ దుంప తెగ! నిన్నెవురు రమ్మన్నారే? ఒక్క దినం, ఒకే ఒక్క దినం బయటికి పోదామంటే మాకంటే ముందే ఎక్కి కూర్చుంటివే! చలి పుడతాందా నీకు? కప్పుకో, మహారాజువు, బాగా కప్పుకో!"

కిటికీలో అవ్వ ముఖం కనబడింది. "ఎవురిని తిడతాండావే?"

"బెల్లాన్ని, అత్తా."

అవ్వ కాసేపు ఆలోచించి, "బెల్లాన్నయితే తిట్టుకో" అని తిరిగి కూర్చుంది. నాయన వెనక్కి తిరగలేదు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడి ఉండటం నాకు కిటికీలోంచి కనిపించింది. తమ్ముడికి విషయం అర్థం కాక, వాడు కూడా మూటను గుద్ది "కప్పుకో, మహారాజువు!" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అమ్మ ముఖం చూసి మింగేశాను.

ఇంకొంత దూరం పోయాక రోడ్డు లేదు. వంక పొంగి దాని మీదుగా పోతోంది, అటూ ఇటూ లారీలు ఆగిపోయి ఉన్నాయి. "పానీ జోరుగా ఉండాది సేఠ్, తగ్గేదాకా కాదు" అన్నాడు డ్రైవర్ భాయ్. ఆగాం. వానా ఆగలేదు, వంకా తగ్గలేదు. చిత్రాన్నం గిన్నెలో నీళ్లు నిండి నిమ్మకాయ చారయింది. తమ్ముడికి వణుకు మొదలై, వాడి పళ్ల చప్పుడు నాకు వినబడసాగింది. అప్పుడు అమ్మ లేచింది. ఎవరినీ అడగలేదు. తాడు ముళ్లు ఒక్కొక్కటీ పళ్లతో విప్పి, పట్టను లాగి మా ఇద్దరి మీదా కప్పింది. బెల్లానికి మాత్రం నెమ్మదిగా చెప్పింది, "ఇంక నువ్వు తడువు."

నాయన పరుగెత్తుకొచ్చాడు. తమ్ముణ్ని చూశాడు, అమ్మను చూశాడు. తరువాత తన చొక్కా విప్పి ఒక మూట మీద కప్పి, బనీనుతో వానలో నిలబడ్డాడు. అన్ని మూటలుండగా ఆ ఒక్కదాన్నే ఎందుకు ఎంచుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. గోనెల్లోంచి గోధుమరంగు నీళ్లు ధారలుగా కారి అమ్మ పట్టుచీర కుచ్చిళ్ల కిందుగా పోయాయి. మా కాళ్లు చెక్కకు అతుక్కుపోయాయి.

సాయంత్రం దాకా చూసి, బండి తిప్పమన్నాడు నాయన. "ఒక్క నిమిషం" అని అమ్మ దిగి వంక ఒడ్డుకు పోయింది. ఆ ఎర్రనీళ్ల ముందర, జిగట చీరతో, చేతులు కట్టుకుని నిలబడింది. నాయన పిలవలేదు. తానే తిరిగొచ్చి, "నీళ్లే కదా, చూసినా" అంది. ఆమె ముఖం మీద ఉన్నదంతా వాన నీళ్లు కాదని నాకు తెలుసు.

ఆ ఏడు మా బంధువుల ఇళ్లన్నిటికీ కరిగిన బెల్లం పాకం అందింది. చీర మీది మరక పోలేదు. అమ్మ దాన్ని మడిచి పెట్టెలో అడుగున పెట్టేసింది. తరువాత రెండేళ్లు వానలు లేక డ్యాం నిండలేదు. నిండిన ఏడు, నాయన ఉత్త బండిని, చెబితే నమ్మరు, నిజంగా ఉత్త బండిని వాకిట్లోకి తెప్పించాడు. అప్పటికే అమ్మ జబ్బుతో మంచం పట్టి ఉంది. "చూసినా కదప్పా" అని నవ్వింది. ఆ చలికాలం దాటలేదు. ఖాళీ బండి చాలాసేపు వాకిట్లోనే నిలబడి ఉండటం నాకు గుర్తు.

మొన్నామధ్య గేట్లు ఎత్తారని విని నేనొక్కదాన్నే కారేసుకుని హోస్పేటకు పోయాను. పక్కింటి అత్త చెప్పింది నిజమే. నీళ్లు పొగ మాదిరి లేస్తున్నాయి, అంత దూరాన నిల్చున్నా ముఖం తడిసింది. అంతలో వాన మొదలైంది. జనం పరుగెత్తారు. నేను కదలకుండా అక్కడే నిలబడి, అరవై దగ్గర పడుతున్న మనిషిని, పళ్లు బిగించి ఎవరినో తిడుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది. గొడుగు కింద మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ముసలామె విననే విన్నది. "మళెగె బయ్యబారదమ్మా, వానను తిట్టగూడదు" అంది, అచ్చం మా అవ్వ మాదిరి.

"వానను కాదవ్వా, బెల్లాన్ని తిడతాండా" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పాపం, ఏమనుకుందో ఏమో, కంకి మీద ఉప్పూకారం కొంచెం ఎక్కువగానే రుద్ది నా చేతిలో పెట్టింది.