ముళ్లకంచె దగ్గర మా మేనత్త నాటకం

సోమవారం పొద్దున మా మేనత్త పోయింది. నేను హుల్సూర్ బజారులో ఉండగా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఏడుపు కంటే ముందు నాకు సమాధుల తోట బాట గుర్తొచ్చింది. ఈమెను ఎటునుంచి తీసుకుపోవాలి?

బీదర్ పక్కనే మా ఊరు. ఆ బాట మీద ఒక ఆసామి ప్లాట్లు చేసి ముళ్లకంచె వేయించాడు. అప్పటినుంచి మా శవపేటికలు తీగ మీదుగానే దాటుతున్నాయి. ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లరిగిన పెద్దలు ఊరుకున్నారు. అత్త ఊరుకోలేదు. సండే స్కూల్ పిల్లలతో ఏటా వేయించే క్రిస్మస్ నాటకాన్ని చర్చిలోంచి కంచె దగ్గరికి తెచ్చింది. మరియమ్మకు బేత్లెహేములో చోటివ్వని వాళ్ల కథతో మొదలయ్యేది. చివర్లో పిల్లలు ఒక ఖాళీ పెట్టెను ఏడుస్తూ కంచె దాటించేవాళ్లు.

రిహార్సల్లో మహా కోపిష్టి. ఎవడైనా దొంగ ఏడుపు ఏడిస్తే చెవి మెలిపెట్టేది, తర్వాత తన కొంగుతోనే వాడి ముక్కు తుడిచేది. "గట్టిగ చెప్పు, కంచె అవతలికి ఇనపడాలె" అనేది. ఇవాళ నేను నలుగురిలో నోరు తెరుస్తున్నానంటే అది ఆమె చలవే.

ఒక ఏడు ఆ ఆసామినే ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పింది. మావాళ్లు తిట్టిపోశారు. చూస్తే మనసు కరుగుతుందని ఆమె ఆశ. కరిగింది కూడా! కళ్లు తుడుచుకున్నాడు, పిల్లలతో ఫోటోలు దిగాడు, ప్రతి ఏడూ ఆడండని చెప్పి కారెక్కాడు. కంచె మాత్రం తీయలేదు.

ఆ సాయంత్రం చాయ్ ముట్టకుండా కూచుంది. "ఏడిపిచ్చుడు నాకు వచ్చింది బిడ్డా. తొవ్వ తీపిచ్చుడు రాలే" అంది. మరి మళ్లీ ఎందుకు ఆడిస్తావని అడిగాను.

"ఇంకేం తెల్సు నాకు?"

ఇప్పుడు ఆమే లేదు. ఇక మేమేం చేయాలో చెప్పేవాళ్లూ లేరు.

మంగళవారం మధ్యాహ్నం ఆమెను కంచె దాకా మోసుకొచ్చాం. ఒకప్పుడు ఆ నాటకంలో ఆడినవాళ్లే, ఇప్పుడు మీసాలొచ్చినవాళ్లు, తీగను కాళ్లతో తొక్కిపట్టారు. పెట్టెను అవతలి చేతులకు అందిస్తుంటే రోడ్డు మీద ఒక బండి ఆగింది. చంకలో పిల్లతో ఒకాయన దిగాడు. ఫోన్ ఎత్తిపట్టి, నవ్వుతూ, నన్నే అడిగాడు.

"ఏందన్నా, ఈసారి పండుగకు ముందుగాల్నే ఆడుతున్రా?"

నా రెండు చేతులూ పెట్టె కింద ఉన్నాయి. అతని చంకలో పిల్ల చప్పట్లు కొట్టింది.