బాసిత్ వరస పెట్టిన గ్రేటెస్ట్ హిట్స్

ఒంగోలు కర్నూలు రోడ్డులో పదమూడేళ్లు క్యాసెట్ల రికార్డింగ్ షాపు నడిపిన షేక్ బాసిత్, సిడ్నీకి వచ్చిన తొలి ఎనిమిది నెలలూ సూపర్‌మార్కెట్ ట్రాలీలు తోశాడు. తోయడం చేతకాక కాదు, చక్కగానే తోశాడు. కాని మనిషికి వచ్చిన పని ఒకటీ చేసే పని ఇంకొకటీ అయినప్పుడు, ఎంత చక్కగా చేసినా ఆ రోజు గడిచినట్టే ఉండదు.

ఇక్కడికి రావడానికి కారణం ఆయన భార్య కౌసర్. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ తలకిందులైపోతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఎవరికీ అక్కర్లేదని అందరూ వదిలేసిన పాతకాలపు కంప్యూటర్ భాష ఒకటి కౌసర్ అమీర్‌పేటలో నేర్చుకుని ఉంది. దానికి రాత్రికి రాత్రి మహర్దశ పట్టింది. సిడ్నీలో ఒక బ్యాంకు ఆమెను ఏరికోరి పిలిపించుకుంది. ఆమె వెంట భర్త, ఆరేళ్ల కూతురు నిదా, బొంతలో చుట్టిన జంట క్యాసెట్ల టేప్‌రికార్డరూ క్వేకర్స్ హిల్‌లోని అద్దె ఇంట్లో దిగారు.

తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా, ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న డాక్టర్ ద్వారకానాథ్ బాసిత్‌ని అందరికీ చూపించి, "వీరు మన కౌసర్ గారి హస్బెండ్" అనేవాడు. పాపం ఆయన మర్యాదగానే అనేవాడు. "మీరేం చేస్తుంటారండీ?" అని అవతలివాళ్లు అడిగితే బాసిత్ దాచకుండా ట్రాలీల సంగతి చెప్పేవాడు. వాళ్లు వెంటనే సమోసాల వైపు తిరిగేవారు. బాసిత్ నవ్వేవాడు గాని, లోపల చివుక్కుమనేది.

కాబట్టి 1999 ఆగస్టులో బ్లాక్‌టౌన్ స్టేషన్ పక్కన సీడీలు అమ్మే గ్రాహం, "మూడు నెలలు చూస్తాను, నచ్చితే ఉంచుకుంటాను" అన్నప్పుడు బాసిత్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. మళ్లీ పాటల మధ్యకి! ఆ సాయంత్రం కౌసర్ సేమ్యా చేసింది. నిదా రెండుసార్లు పెట్టించుకుని తింది.

ఒంగోలులో ఆయన వ్యాపారం ఎలా సాగేదో ఇక్కడ చెప్పుకోవాలి. జనం కావలసిన పాటల పేర్లు చీటీ మీద రాసుకొచ్చేవారు. షాపు ముందు భాగంలో ఖాళీ క్యాసెట్లు, వెనక గదిలో మాస్టర్లు ఉండేవి. మాస్టర్ అంటే అసలు కాపీ. దాన్నుంచే అందరికీ ఎక్కించి ఇవ్వాలి. చీటీలో ఉన్న వరసలోనే ఎక్కించడానికి ఏ కుర్రాడైనా చాలు. బాసిత్ అలా చేసేవాడు కాదు. ఏ పాట తరవాత ఏది వస్తే చెవికి ఇంపుగా ఉంటుందో చూసి మార్చేవాడు. చివర అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పాటల పేర్లు రాసి, షాపు సీలు వేసి ఇచ్చేవాడు. కందుకూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారంటే ఊరికే వచ్చేవారా?

అక్టోబరులో 'స్టోన్ ఫెర్రీ' వారి గ్రేటెస్ట్ హిట్స్, అంటే పేరుపడ్డ పాటలు ఏరి కూర్చిన సీడీ, వచ్చింది. వాళ్లు స్కాట్లాండ్‌కు చెందిన అయిదుగురు రాక్ బ్యాండువాళ్లు. ఒకప్పుడు జుట్టు విరబోసుకుని గంతులేసినవాళ్లు, అప్పటికి తాతలైపోయారు. పదహారు పాటలు. బాసిత్ షాపులో రెండు రోజులు విని తీర్పు చెప్పాడు: పాటలు బంగారం, కూర్చినవాడికి మాత్రం వరస తెలీదు. నాలుగు కేకలు పక్కపక్కనే పెట్టి, నాలుగు విషాదాలూ చివర కుప్ప పోశాడు.

ఆ వారమే ఇసబెల్ అనే ఆవిడ వచ్చింది. డండీ నగరంలో పుట్టి, ముప్పై ఏళ్ల కిందట ఇటు వచ్చి స్థిరపడ్డ మనిషి. సీడీ తిప్పి చూసి, నిట్టూర్చి కింద పెట్టేసింది.

"మా పాట లేదు" అంది.

ఆదివారం ఆవిడ భర్త డంకన్‌కి అరవయ్యో పుట్టినరోజు. వాళ్లిద్దరూ మొదటిసారి కలిసి నాట్యం చేసింది ఈ బ్యాండు పాటకేనట. అది బ్యాండువాళ్ల రెండో ఆల్బంలో ఉంది. ఆ ఆల్బం ఇప్పుడు ఎక్కడా దొరకదు.

బాసిత్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ ఆల్బం పాత క్యాసెట్టు వెనక గది అలమారాలో ఉంది. తనే దుమ్ము దులిపాడు. అలమారా నిండా పాత క్యాసెట్లే. షాపుకి వెనక గది, గదిలో అసలు కాపీలు. అవి మాస్టర్లు కాక మరేమిటి?

"మీరు సీడీ కొనుక్కుని నాకు వదిలి వెళ్లండి. శుక్రవారం రండి" అన్నాడు.

గ్రాహం ఇంటికి వెళ్లాక, తన టేప్‌రికార్డరు తెచ్చి షాపు సీడీ ప్లేయరుకి తగిలించి రెండు సాయంత్రాలు కూర్చున్నాడు. తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టు తీసుకుని, కేకల మధ్య విషాదాలు అద్ది, డంకన్ దంపతుల పాటని రెండో వైపు మూడోదిగా పెట్టాడు. అప్పటికి అందరికీ తిండి పడి, కాళ్లు కదులుతూ ఉంటాయి. అట్ట మీద పేర్లు రాశాడు. గ్రాహం బల్ల మీదున్న సీలు తీసుకుని షాపు పేరు, ఫోను నంబరు పడేలా గట్టిగా అద్దాడు. పైసా తీసుకోలేదు. ఇసబెల్ ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడే మళ్లీ వచ్చింది, నేరుగా గ్రాహం దగ్గరికి.

"మీ బాసిత్ ఎంత బాగా రికార్డు చేసిచ్చాడండీ! మా చెల్లెలికీ ఒకటి కావాలి. ఎంతవుతుంది?"

గ్రాహం మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడకి ఏదో సర్దిచెప్పి పంపి, బాసిత్‌ని వెనక గదిలోకి పిలిచాడు. అప్పుడు గాని బాసిత్‌కి తెలియలేదు, ఆ అలమారా షాపుది కాదు, గ్రాహం పద్దెనిమిదో ఏటి నుంచి కొనుక్కున్న సొంత క్యాసెట్లని. ఒకరి పాట ఇంకొకరికి ఎక్కించివ్వడం ఈ దేశంలో చట్టవిరుద్ధమని కూడా.

"పైగా నా షాపు ముద్ర వేశావా?" అన్నాడు గ్రాహం. "ఇది ఏ రికార్డు కంపెనీ మనిషి కంట పడినా నాకు సరుకు ఆపేస్తారు. సోమవారం పొద్దునకి ఆ క్యాసెట్టు ఈ బల్ల మీద ఉండాలి. లేకపోతే నువ్వు రానక్కర్లేదు."

ఇంటికి వచ్చిన భర్త వాలకం చూసి కౌసర్ ల్యాప్‌టాప్ మూసేసింది.

"ఏందండీ, అట్టున్నారు? ఏమైంది షాపులో?"

"ఒంగోల్లో ఉన్నాననుకోని పని చేశా కౌసర్" అని మొత్తం చెప్పాడు.

"అయ్యో, అది పైరసీ అండీ! ఇక్కడ వెరీ సీరియస్‌గా తీసుకుంటారు. సీలు కూడా ఏశారా?"

"ఏశా. సరిగ్గా పడలేదని రెండోసారి కూడా ఏశా."

కౌసర్ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నిదా మాత్రం భయంగా చూసి, "డాడీ, ఆర్ యూ గోయింగ్ టు జెయిల్?" అంది.

"జైలుకి కాదమ్మా, ట్రాలీలకి" అన్నాడు బాసిత్. కౌసర్ నవ్వు ఆగిపోయింది.

"రేపు నేనూ వస్తా. వెళ్లి స్ట్రెయిట్‌గా అడుగుదాం" అంది.

ఆదివారం వాళ్లు వెళ్లేసరికి ఇసబెల్ పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి పొగ, నలభై మంది జనం, మధ్యలో గళ్ల లంగాలాంటిది కట్టుకున్న కొండంత మనిషి డంకన్. క్యాసెట్టు అప్పటికే మోగుతోంది. ఇచ్చినదాన్ని వెనక్కి అడగడం, అదీ పుట్టినరోజు నాడు! ముగ్గురికీ కుర్చీలు వేశారు, కేకు పెట్టారు. కౌసర్ మోచేత్తో పొడుస్తూనే ఉంది. ఆయన కేకు తింటూనే ఉన్నాడు.

రెండో వైపు మూడో పాట మొదలైంది. డంకన్ చేతిలో పటకారు అలాగే ఆగిపోయింది. పెళ్లాం వైపు చూశాడు. పటకారు ఎవరికో ఇచ్చి, గడ్డి మీదుగా నడిచివెళ్లి చెయ్యి చాచాడు. ఇద్దరూ నాట్యం మొదలుపెట్టారు. ఆయన అడుగులు తప్పుతున్నాడు, ఆవిడ సరిదిద్దుతోంది, ఇద్దరూ నవ్వుతున్నారు, ఇద్దరికీ కళ్ల నీళ్లు కారుతున్నాయి. జనం చప్పట్లతో తాళం వేశారు.

బాసిత్ పదమూడేళ్లు ఎన్ని వందల క్యాసెట్లు చేశాడో. కట్టి చేతిలో పెట్టడం వరకే ఆయన పని. అవి ఎవరి ఇంట్లో ఎలా మోగాయో ఒక్కసారీ చూడలేదు. ఇవాళ చూశాడు. ఉద్యోగం పోయినా సరే ఇది చూశాను, చాలు అనిపించింది. ఆ ధైర్యంతోనే పాట అయ్యాక ఇసబెల్‌ని పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆవిడ క్షణం సేపు నోరు తెరుచుకుని చూసి, పకపకా నవ్వింది. "నాయనా, నా మూలంగా నీకు కష్టమా! ఇంకొక్కసారి వేసుకుని ఇచ్చేస్తాను" అంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు వేసుకున్నారు. మూడోసారికి కౌసర్, నిదా కూడా గడ్డి మీదే ఉన్నారు.

సోమవారం పొద్దున బాసిత్ క్యాసెట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గ్రాహం దాని అట్ట చదివాడు. సీలు చూసి పళ్లు కొరికాడు.

"బయట చెత్తడబ్బాలో పారేసి వస్తాను. ఈలోగా షాపు చూస్తుండు" అని వెళ్లాడు.

చెత్తడబ్బా వెనకాల కార్లు నిలిపే చోట ఉంది, ఇరవై అడుగులు. పది నిమిషాలైంది. గ్రాహం రాలేదు. బాసిత్ ఇద్దరికి సీడీలు అమ్మాడు, ఒకాయనకి చిల్లర ఇచ్చాడు. నిలబడ్డ చోట నిలవలేక వెనక కిటికీలోంచి చూశాడు. గ్రాహం కారులో కూర్చుని ఉన్నాడు. అద్దాలు మూసి ఉన్నాయి, తల మాత్రం ఊగుతోంది. బాసిత్ గడియారం చూసుకున్నాడు. ఒక వైపు నలభై అయిదు నిమిషాలు. నలభై అయిదూ అయ్యాయి. యాభై అయ్యాయి. మనిషి దిగలేదు.

క్యాసెట్టు తిరగేశాడు! బాసిత్ ఖాళీ షాపులో ఒక్కడే నిలబడి పైకే నవ్వేశాడు.

పదకొండు కావస్తుండగా గ్రాహం వచ్చాడు. కాసేపు రశీదులు సర్దినట్టు నటించాడు.

"ఇంకెప్పుడూ కాపీ చెయ్యొద్దు. ఒక్కటి కూడా."

"చెయ్యను సార్. ఒట్టు."

"నా అలమారా ముట్టుకోవద్దు."

"ముట్టుకోను."

"రేపటి నుంచి షాపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ పాట తరవాత ఏది వెయ్యాలో నువ్వే చూడు. ఇంక ఆ మూడు నెలల సంగతి మర్చిపో. నువ్వు ఇక్కడే ఉంటున్నావు."

బాసిత్ కౌసర్ ఆఫీసుకి ఫోను చెయ్యాలని చెయ్యి చాచి, మళ్లీ ఆగి అడిగాడు.

"మరి ఆ క్యాసెట్టు, సార్?"

"చెత్తడబ్బాలో పారేశాను" అన్నాడు గ్రాహం, చొక్కా జేబు మీద చెయ్యి తియ్యకుండా.