కాలిన ప్లగ్గుకు ముద్దాయి

మా పత్రికలో నిప్పుకు ఒకటే కారణం ఉండేది, షార్ట్ సర్క్యూట్. హత్యకు ఒకటే కారణం ఉండేది, పాత కక్షలు. ప్రొద్దుటూరులో విలేఖరిగా ఉన్నన్నాళ్లూ ఈ రెండు మాటలతోనే వార్తలు ముగించాను. డెస్కులో ఎవరూ అంతకు మించి అడగలేదు. చదివేవాళ్లూ అడగలేదు. అలాంటిది, మొన్నటి ఎన్నికల వేసవిలో మా బామ్మర్ది దుకాణంలో వేలెడంత ప్లాస్టిక్ ముక్క కాలితే, దాని కారణం కోసం ఒక ఊరు ఊరంతా మా మీద పడింది.

మా బామ్మర్ది అంటే నా భార్య తమ్ముడు. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో పుట్టినవాడు. వాళ్ల తాత, నాయన ఇద్దరూ బడిపంతుళ్లు. వీడు మాత్రం ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లిళ్లవాళ్లకు మామూలు వీడియో చాలడం లేదు, సినిమాలా ఉండాలి. అందుకని బొమ్మల పని చూసే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఒకటి బెంగుళూరు నుంచి తెప్పించాడు. పొడవులో ఇటుకను మించినది. పని మీద ఉన్నప్పుడు వంటింటి మిక్సీ తాగేంత కరెంటు తాగుతుంది, అది కూడా ఆపకుండా గంటల తరబడి. ఆ కరెంటంతా బొటనవేలంత ప్లగ్గులోంచి, అగ్గిపుల్లకన్నా సన్నని పిన్నుల గుండా పోవాలి. ఏ ఒకటి రెండు పిన్నులు సరిగ్గా తగలకపోయినా భారం మిగతావాటి మీద పడుతుంది. అవి వేడెక్కుతాయి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, తర్వాత కరుగుతుంది.

ఇది మా వాడికి ముందే తెలుసు. దేశదేశాల్లో ఇలాంటి కార్డుల ప్లగ్గులు కరిగిపోతున్నాయని, కొన్నవాళ్లు ఫొటోలు పెట్టి మొత్తుకుంటున్నారని ఫోనులో చూపించాడు. కార్డు తయారుచేసిన కంపెనీవాళ్లు మాత్రం, మీరే ప్లగ్గు పూర్తిగా లోపలికి నెట్టలేదు అంటున్నారట. అందుకే కార్డు బిగించిన రోజు నన్ను పక్కన నిలబెట్టి, టార్చి పట్టుకోమని, ప్లగ్గు టిక్కుమనేదాకా నొక్కాడు. సందు లేకుండా కూర్చుందని నా చేత కూడా చూపించుకున్నాడు. తర్వాత కూడా బీరువా తాళం చూసుకునేవాడిలా అప్పుడప్పుడు తడిమి చూసుకునేవాడు.

ఎన్నికలు రాగానే పెళ్లి పనులు మానేసి పార్టీ పనులు పట్టాడు. అందులో ఒకటి పులివెందుల అవతల, లింగాల వైపు ఒక ఊరి నాయకుడిది. మండలం దాటని నాయకుడు. ఆయన పెదనాయన ఎప్పుడో ఫ్యాక్షన్‌లో చనిపోయాడు. ఏటా వర్ధంతికి ఊరందరికీ భోజనాలు పెడతారు. ఈసారి ఎన్నికల మధ్య వచ్చింది కాబట్టి, చచ్చిపోయిన పెద్దాయన తెర మీద కనిపించి ఓటు అడగాలి. పాత ఫొటోలు ఇచ్చి, నోరు కదిలించి, గొంతు పుట్టించమన్నారు.

ఆ పెద్దాయన్ను నేను ఎరుగుదును. ఆయన మాట్లాడింది తక్కువ, భయపెట్టింది ఎక్కువ. ఎదురుగా చెప్పులేసుకుని నడవడానికి జనం జంకేవారు. అలాంటి మనిషి మా వాడి తెర మీద చేతులు జోడించి, "నా అక్కచెల్లెళ్లారా" అంటున్నాడు.

"ఇట్ల మాట్లాడేటోడా బావా ఆయన?" అని అడిగాడు మా వాడు.

"ఆయనకు చెల్లెళ్లున్న సంగతే ఎవరికీ తెలీదు, ఆస్తి పంపకం రోజు తప్ప" అన్నాను.

వర్ధంతికి ముందు వారమంతా ఆ కార్డు రాత్రీ పగలూ నడిచింది. ఒక మధ్యాహ్నం నేను దుకాణంలోనే ఉన్నాను. మొదట వాసన వచ్చింది, కుక్కరు పిడి పొయ్యి మీద పడితే వచ్చే వాసన. పెద్దాయన నోరు సగం తెరిచి ఆగిపోయాడు. తర్వాత తెర నల్లబడింది. మా వాడు కంప్యూటర్ డబ్బా పక్కరేకు ఊడదీసి చూస్తే ప్లగ్గు ఒక వైపు గోధుమరంగుకు తిరిగి, కార్డుకు అతుక్కుపోయి ఉంది. లాగితే రాదు. చివరిదాకా దూరినది దూరినట్టే కరిగి గడ్డకట్టింది. ఇద్దరం కళ్లారా చూశాం.

కబురు పోయిన కాసేపటికే నాయకుడి మేనల్లుడు దిగాడు. సోషల్ మీడియా వ్యవహారం ఆయనది. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. అప్పుడే మా వాడు బెంగుళూరు సర్వీస్ సెంటర్‌కు వీడియోలో ప్లగ్గు చూపిస్తున్నాడు. ఫోను స్పీకర్లో ఉంది. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"కనెక్టర్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండదు సార్. ఇది యూజర్ సైడ్ మిస్టేక్. వారంటీ కిందికి రాదండి."

"మేడమ్, చూడండి, సందే లేదు. అతుక్కోని ఉంది" అన్నాడు మా వాడు.

"ఇప్పుడు కనిపించకపోవచ్చు సార్. కొంచెం లూజ్ అయినా ఇలాగే అవుతుంది. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

వస్తువును తెప్పించి చూడకుండా, చేత్తో తాకకుండా, తప్పు కొన్నవాడిదేనని ముందే రాసిపెట్టుకున్న మాట అది. ఆ తీపి గొంతు విని నాకు ఒళ్లు మండింది. కానీ మేనల్లుడి ముఖం వెలిగింది.

"ఇన్యావా అప్పా? లూజ్ అయింది అంటాంది. దానంతట అది ఎట్ల లూజ్ అయితాది? ఎవడో పెరికినాడు."

"ఎవరూ పెరకలేదు. ఈ కార్డులన్నీ ఇంతే, ప్రపంచమంతా కాలిపోతాండాయి" అన్నాడు మా వాడు.

"ప్రపంచం సంగతి నాకెందుకు? మా పెదతాత మాట్లాడేటప్పుడే కాలల్లనా? ఈ వారంలో ఈడికి ఎవురెవురొచ్చినారు చెప్పు."

మా సీమలో ఏదీ దానంతట అది కాలదు. గడ్డివామి కాలినా, మోటారు కాలినా, దాని వెనక ఒక చెయ్యి ఉండాలి, ఆ చేతికి ఒక పార్టీ ఉండాలి. ఆ చెయ్యి దొరికేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. మా వాడు అమాయకంగా చెప్పేశాడు. ఏసీకి, కంప్యూటర్‌కు ఎర్తింగ్ సరిచేయడానికి ముద్దనూరు ఎలక్ట్రీషియన్ ఒకతను వచ్చాడు, డబ్బా పక్కకు జరిపాడు, అంతే. అతను థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు పని చేసి మానుకున్నవాడు, మాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు.

మేనల్లుడు ఒక ఫోను తీసి ఎవరినో అడిగాడు. రెండు నిమిషాల్లో జాతకం వచ్చేసింది. ఆ ఎలక్ట్రీషియన్ బావమరిది అవతలి పార్టీకి బూత్ ఏజెంటు.

"అద్దీ!" అని తొడ చరుచుకున్నాడు మేనల్లుడు.

వర్ధంతి రోజు పొద్దున మమ్మల్ని ఊరికి రమ్మన్నారు. పోకపోతే దుకాణానికే వస్తారు. కారులో జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోయాం. ఊరి బయట షామియానా కింద డేగిశాల్లో మాంసం ఉడుకుతోంది. వేదిక మీద ప్రొద్దుటూరు నుంచి అద్దెకు తెచ్చిన పెద్ద తెర నల్లగా నిలబడి ఉంది. నాయకుడు వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఓ పాతికమంది. ఆయనలో కోపం వెతికాను. కనిపించలేదు. వీడియో లేకపోయినందుకు ఆయన సంతోషంగా ఉన్నాడని నాకు కాసేపటికి అర్థమైంది.

"మా పెదనాయన్ను అప్పుడొకసారి చంపినారు. ఇప్పుడు ఆయప్ప గొంతును రెండోసారి చంపినారు. ఈ మాట మైకులో చెప్తే సాలు, వీడియో ఎందుకు?" అన్నాడు నాయకుడు. చుట్టూ ఉన్నవాళ్లు కొంతమంది అప్పుడే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు. అంత రోత నేను ప్రెస్ మీట్లలో కూడా చూడలేదు.

మా వాడిని ముందుకు పిలిచాడు. "నిన్ను అబద్ధం చెప్పమనల్యా నాయనా. ముద్దనూరోడు నీ అంగడికి వచ్చినాడా?"

"వచ్చినాడన్నా."

"డబ్బా ముట్టినాడా?"

"జరిపినాడు."

"ఆ తర్వాత కాలిందా లేదా?"

"కాలింది."

"ఈ మూడు మాటలే మా అల్లుని ఫోన్లో చెప్పి, అన్నం తిని పో. మిగతాది మేం జూసుకుంటాం."

మూడూ నిజాలే. వాటిని పక్కపక్కన పేర్చి వదిలేస్తే, చదివేవాడే మిగతాది పూరించుకుంటాడు. అలా పేర్చడం మా వృత్తిలో మొదటి నెలలోనే నేర్పుతారు. ఆ మూడు మాటలు ఫోన్లలో తిరిగితే సాయంత్రానికి ముద్దనూరులో ఏమవుతుందో అక్కడ అందరికీ తెలుసు. వంటవాళ్లకు కూడా తెలుసు.

నేను అడ్డం పడ్డాను. అది వస్తువు లోపమని, ఎలక్ట్రీషియన్‌కు సంబంధం లేదని చెప్పబోయాను.

"సార్, నువ్వు పేపరాయనవు. కంపెనీ ఆయమ్మే లూజ్ అయిందని చెప్పినాక నువ్వు ఇంజనీరు యాడైనావు?" అన్నాడు మేనల్లుడు. నవ్వులు. కంపెనీ తన తప్పు దాచుకోవడానికి ఆడిన మాట, వీళ్లకు ఒక మనిషిని కొట్టడానికి కర్ర అయింది.

మా వాడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. తర్వాత, "ఎవరూ పెరకలేదన్నా. నేనే సరిగ్గా దూర్చలేదు" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. నాయకుడు కళ్లు చిన్నవి చేశాడు. "మొన్న గట్టిగా పెట్టినా అన్యావంట గదా?"

"నిజం చెప్తే కంపెనీ వారంటీ ఇయ్యదని అట్ల చెప్పినా. సగమే దూరింది. నా తప్పే."

"ముద్దనూరోనికి భయపడి చెప్తాండావా?"

"లేదన్నా."

"అట్లయితే కర్పూరం ఆర్పి చెప్పు" అన్నాడు ఒక ముసలాయన.

"కిరస్తానపోళ్లకు కర్పూరం ఏం పనిచేస్తాది మామా?" అన్నాడు మేనల్లుడు.

"బైబిల్ తెప్పియ్యి మరి."

"వాళ్ల దేవుడు ఆదివారం అడిగితే మాఫీ చేసేస్తాడంట. అది చెల్లదు."

మళ్లీ నవ్వులు. వాళ్లకు ఆ బేరం ఎంత సరదాగా ఉందంటే, మాంసం ఉడికిందని చెప్పడానికి వచ్చినవాడు కూడా నిలబడి విన్నాడు. చివరికి ముసలాయనే తేల్చాడు. "బిడ్డ ఉంది గదా వీనికి? బిడ్డ మీద చెప్పమను. అది ఏ దేవునికైనా ఒకటే."

మా వాడికి ఒక్కతే కూతురు. మూడో తరగతి. వాడు నా వైపు చూడలేదు. చెయ్యి గాలిలో, ఆ పిల్ల తలంత ఎత్తులో పెట్టాడు.

"నా బిడ్డ మీద ఒట్టు. ప్లగ్గు నేనే సరిగ్గా దూర్చలేదు."

మేనల్లుడు దాన్ని ఫోనులో పట్టుకున్నాడు. నాయకుడి ముఖం వాడిపోయింది. చేతికొచ్చిన ఉపన్యాసం పోయింది కదా. "థూ! ప్లగ్గు పెట్టను రానోనికి అంగడెందుకురా?" అన్నాడు. మిగతావాళ్లు అందుకున్నారు. పెళ్లాన్ని పిలిచింటే పెట్టిచ్చేది గదా అని ఒకడు, ఫ్యానన్నా ఏసుకోను వస్తాదా అప్పా అని ఒకడు. మా వాడు అన్నిటికీ తల ఊపాడు. భోజనం చేసి పొమ్మన్నారు. చేయకుండానే వచ్చేశాం.

తిరుగు దారిలో ముద్దనూరు రైల్వే గేటు దగ్గర టీ కోసం ఆగితే, ఆ ఎలక్ట్రీషియనే కనిపించాడు. బండి మీద వైర్ల చుట్ట. వీడియో అప్పటికే అతని ఫోనుకు చేరింది. దాని వెనక ఏముందో మాత్రం చేరలేదు.

"ఏం అప్పా, ఊరంతా నిన్ను జూసి నవ్వుతాండారు! నేను ఆ పొద్దు అడగల్యా, టైటుగా ఉండాదా అని? శానా టైటుగా ఉంది పో అంటివి."

"మర్సిపోయినా అప్పా" అన్నాడు మా వాడు.

"ఇట్ల మర్సిపోయేటోళ్ల వల్లనే కొంపలు కాలేది. సార్, నువ్వన్నా పేపర్లో రాయి, ఈయప్పట్ల చేయొద్దని. నలుగురికి బుద్ధొస్తాది."

చెప్పేయాలని నా నోటిదాకా వచ్చింది. మా వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. చెబితే ఇతను తన బావమరిదికి చెబుతాడు. ఆ బావమరిది ఊరుకోడు. నేను టీ తాగాను.

"సింహాద్రిపురంలో ఏసీ పనుండాది, పోతాండా" అని అతను నవ్వుకుంటూ బండెక్కి, మేము వచ్చిన దారిలోనే వెళ్లాడు. బండి కనిపించకుండా పోయేదాకా మా వాడు అటే చూశాడు.

కారు జమ్మలమడుగు దగ్గర పడుతుండగా మా వాడు అన్నాడు.

"బావా, ఈ నెలంతా పాపను సైకిలు తొక్కనీయొద్దు."