దోరగా వేయించిన ఎంజైమ్

ప్రొద్దుటూరు బజారులో నా అంత బేరగాడు ఆ రోజుల్లో లేడని ఇప్పటికీ గట్టిగా చెప్పుకుంటాను. గుడ్లు పెట్టే రెండు వేల కోళ్ళను, వాటి షెడ్డులో అడుగైనా పెట్టకుండా, అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చునే కుంటివి చేశాను. చేతకానివాడి వల్ల అయ్యే పనా అది? దానికి బేరం తెలిసుండాలి, లెక్క తెలిసుండాలి, ఎదుటివాడు సగం చెప్పగానే మిగతా సగం మనకే తెలుసన్న నమ్మకం ఉండాలి. మూడూ నాకు పుట్టుకతోనే వచ్చాయి.

మాది కోళ్ళ దాణా అంగడి. ఇంట్లో మాత్రం గుడ్డు తినరు. తినకపోవడం అటుంచి, మా అమ్మ గుడ్డు అనే మాట కూడా పలకదు, ‘ఆ తెల్లవి’ అంటుంది. అయినా మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు కలిపి కోళ్ళకు అమ్మడం ఆమెకు తప్పుగా తోచలేదు. గింజ గింజే, దాన్ని ఎవరు తింటే మనకేం అనేది.

మా పెద్ద ఖాతాదారుడు నా చిన్ననాటి స్నేహితుడు. వాళ్ళ నాయన మా అంగడి పక్కనే సైకిళ్ళకు పంచర్లు వేసేవాడు. నేను అతన్ని భాయ్ అంటాను, అతను నన్ను శెట్టీ అంటాడు. బ్యాంకులో అప్పు తీసుకుని ఎర్రగుంట్ల దారిలో కోళ్ళ షెడ్డు కట్టాడు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనుకు రోజూ నలభై ట్రేల గుడ్లు వేసే ఆర్డరు సంపాదించాడు. ఆ ఆర్డరు ఉన్నంతకాలం షెడ్డు నిలుస్తుంది. అది పోతే గుడ్లు ఎంతకు పడితే అంతకు అమ్ముకోవాలి, అప్పుడు బ్యాంకు వాళ్ళు షెడ్డు తలుపు తడతారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

కోడి ఎముక గట్టిగా ఉండాలన్నా గుడ్డు సరిగ్గా పెట్టాలన్నా సున్నంతో పాటు భాస్వరం కావాలి. సున్నానికి బేతంచెర్ల నుంచి లారీలో రాతిపొడి చవగ్గా వచ్చేది. భాస్వరానికి మాత్రం డీసీపీ అని ఒక తెల్లపొడి దాణాలో కలపాలి. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఆ డీసీపీ ధర పెరగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే, మండే మే నెలలో, కంపెనీ మనిషి ఒకాయన మెడకు టై కట్టుకుని చెమటలు కక్కుకుంటూ మా అంగడి మెట్లెక్కాడు.

“మీ తవుడులో, మొక్కజొన్నలో భాస్వరం బోలెడుంది సార్. కానీ దానికి బీగం వేసి ఉంది. ఆ బీగం తీసే సరుకు కోడి కడుపులో లేదు. అందుకని తిన్నది తిన్నట్టే పెంటలోకి పోతుంది. ఈ ఎంజైమ్ కలిపితే బీగం ఊడుతుంది. మీరు డీసీపీ సగం తగ్గించుకోవచ్చు” అన్నాడు.

నాకు కడుపు మండిపోయింది.

“అంటే మా నాయన కాలం నుంచి తవుడుతో పాటు భాస్వరం ఊరికే ఇస్తాండామా?”

“ఊరికే అనకూడదు సార్. కోడికి అందలేదు కదా!”

“అందేది అందనిది దాని కర్మ. మా అంగడి నుంచి పోయిందా లేదా?”

ఆయన కాసేపు ఆలోచించి పోయిందనే ఒప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా జిల్లాలోని పెంటదిబ్బలన్నింటికీ మేం ధర్మంగా భాస్వరం పంచిపెట్టామన్న సంగతి నన్ను కుదురుగా కూర్చోనీయలేదు. ఇకనైనా ఆ సొమ్ము రాబట్టాలనుకున్నాను.

“ఈ పొడి ఎంత కలపాల?”

“టన్నుకు వంద గ్రాములు చాలు సార్.”

“టన్నుకు వంద గ్రాములా? మా ఇంట్లో పులుసులో ఇంగువ అంతకంటే ఎక్కువేస్తారు కదప్పా!”

కిలో నాలుగు వందలన్నాడు. మూడు వందలన్నాను. టిఫిను వేళకు మొదలైన బేరం భోజనాల వేళ దాకా సాగింది. మధ్యలో రెండుసార్లు సంచి సర్దుకుని మెట్లు దిగాడు, రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి వెనక్కి పిలిచాను. చివరికి మూడు వందల అరవైకి దిగాడు. రెండు కిలోలు తీసుకున్నాను. ఆయన ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో పోయింది. పోతూపోతూ మెట్ల మీద నిలబడి, “వేడి తగలనీయకండి సార్. చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టండి. డీసీపీ సగమే తగ్గించండి, మొత్తం తీసేయకండి” అన్నాడు.

మే నెలలో ప్రొద్దుటూరులో చల్లటి చోటనేది ఉంటే ముందు నేను పోయి కూర్చునేవాణ్ణి. అందుకని ఆ ముక్క వదిలేసి, పొడిగా ఉండాలన్న ముక్క మాత్రం పట్టుకున్నాను.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏ సరుకైనా సరే, మిద్దె మీద ఎండకు ఆరకుండా గదిలోకి రాదు. మిరపకాయలు, చింతపండు, కందిపప్పు, చివరికి అగరొత్తులు కూడా మా మిద్దె మెట్లెక్కి దిగినవే. ఎండలో ఆరి వచ్చిన సరుకుకు పురుగు పట్టదని అమ్మ నమ్మకం. ఆ నమ్మకం మీదే మా అంగడికి పేరొచ్చింది. ఎంజైమ్ పొట్లం విప్పగానే పులిసిన పిండి వాసన కొట్టింది.

“ఏందిరా ఇది? ముక్కిన వాసన వస్తాండాది” అంది అమ్మ.

“మందుమ్మా. శానా ఖరీదు.”

“ఖరీదైతే మాత్రం? తేమ పట్టినట్టుండాది. ఇయ్యి ఈడ.”

నాన్న పాత పంచె పరిచి, రెండు కిలోల పొడినీ పలుచగా ఆరబోసింది. రోహిణి కార్తె ఎండ. మిద్దె మీద కాలు పెడితే బొబ్బలెక్కేది. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టడంతో ఆమెకు తృప్తి కలగలేదు. పొడినంతా బాణలిలో పోసి, రవ్వ వేయించినట్టు, సన్నటి సెగ మీద కలుపుతూ దోరగా వేయించింది. కమ్మటి వాసన వచ్చింది. నేను పక్కన నిలబడి చూశాను. ఆపడం అటుంచి, అడుగంటకుండా కలపమని సలహా కూడా ఇచ్చాను.

ఇక డీసీపీ సంగతి. సగమే తగ్గించమన్నాడు కదా కంపెనీ ఆయన. నేను పుట్టింది అంగట్లో. ఏ వ్యాపారీ తన అసలు మాట మొదట చెప్పడు. నాలుగు వందలన్నవాడు మూడు వందల అరవైకి దిగాడు, అలాంటివాడు సగం అన్నాడంటే మొత్తానికి ఒప్పుకుంటాడని అర్థం. ఎదురుగా మనిషి లేడు కాబట్టి కోళ్ళ తరఫున నేనే ఒప్పుకున్నాను. డీసీపీ పూర్తిగా తీసేశాను. భాయ్‌కి మొత్తం మీద మూడు వందలు తగ్గించి, కొత్త రకం దాణా అని చెప్పాను.

“ఏం శెట్టీ, నువ్వు అడక్కుండానే తగ్గిస్తాండావు! ఒంట్లో బాగుండాదా?” అని నవ్వాడు భాయ్.

నెల తిరిగింది. ఒక పొద్దున భాయ్ వచ్చి అంగడి ముందు నిలబడ్డాడు. నవ్వు లేదు.

“శెట్టీ, కోళ్ళు కూర్చుంటాండాయి.”

“ఎండలు కదా భాయ్. మనం మాత్రం కూర్చోలే?”

“మనం లేస్తాం. అవి లేయడం లే.”

ఆ రోజు మొదటిసారి అతని షెడ్డులోకి పోయాను. పంజరాల్లో కోళ్ళు రొమ్ములు తీగల మీద ఆనించి కూలబడి ఉన్నాయి. ఒకటి నీళ్ళ కోసం మెడ చాచి, లేవబోయి, కాళ్ళు జారి మళ్ళీ కూలబడింది. మళ్ళీ లేవబోయింది. నేను అటు చూడలేక గుడ్ల వైపు చూశాను. అవీ బాగాలేవు. సగం ట్రేలు ఖాళీ, ఉన్నవాటిలో చిట్లినవి కొన్ని.

“క్యాంటీనాయన నిన్న ఫోన్ చేసినాడు” అన్నాడు భాయ్. “ఈ వారంలో దినానికి నలభై ట్రేలు పూర్తిగా రాకుంటే వేరేవాళ్ళకిస్తాడంట.”

నేను వెంటనే కంపెనీ ఆయన మీద విరుచుకుపడ్డాను. ఫోన్‌లో ఎంత గట్టిగా అరిచానంటే ఆయన మరునాడే బస్సు దిగాడు. అంగడి ముందు చుట్టుపక్కల వాళ్ళంతా పోగయ్యారు. భాయ్ కూడా వచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

“ఏమప్పా, ఏం పొడి అమ్మినావు నువ్వు? సున్నమా? గోడకు కొట్టేదా?” అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన నెమ్మదిగా అడిగాడు: “ఎక్కడ పెట్టారు సార్ దాన్ని?”

లోపలి నుంచి అమ్మ గడప దాకా వచ్చింది. మా సరుకు శుభ్రత మీద ఎవరైనా అనుమానపడితే ఆమె ఊరుకోదు.

“మేమేమీ నిర్లక్ష్యం చేయలేదు నాయనా. నీ మందును శానా జాగ్రత్తగా చూసుకున్యాం. మూడు దినాలు ఎండబెట్టి, దోరగా వేయించి, చల్లారినాకనే డబ్బాకెత్తినాం.”

ఆయన అక్కడే ఉన్న తవుడు బస్తా మీద కూలబడ్డాడు, అచ్చం ఆ కోళ్ళలాగే.

“కాల్చారా అమ్మా?”

“కాల్చలేదు నాయనా. రవంత కూడా మాడనీలే. వాసన చూడు కావాలంటే” అని డబ్బా తెచ్చి మూత తీసింది.

ఆయన మర్యాదకు వాసన చూశాడు. బాగుందన్నాడు. ఒక చెంబు నీళ్ళు తాగాక నా వైపు తిరిగి, “వేడికి ఎంజైమ్ పనిచేయదు సార్. ఇప్పుడు ఇందులో మంచి వాసన తప్ప ఇంకేం లేదు. డీసీపీ అయినా సగం వేస్తున్నారు కదా? దానికి ఇంతగా పడిపోకూడదే...” అన్నాడు.

నేను బస్తాల వైపు చూశాను.

“చెప్పు శెట్టీ” అన్నాడు భాయ్.

“తీసేసినా.”

“ఎంత?”

“మొత్తం.”

భాయ్ అరవలేదు. వేళ్ళతో ఏదో లెక్క వేసుకున్నాడు. “నాకు మూడు వందలు తగ్గించినావు కదా. మిగతా దుడ్లు యాడ పోయినాయి?” అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

“మందన్యావు గానీ కోళ్ళ మందని చెప్పినావురా?” అంటూ అమ్మ ఆ బాణలిని పెరట్లోకి విసిరేసింది.

ఆ సాయంత్రమే దాణాలోకి డీసీపీ తిరిగొచ్చింది. చాలావరకు కోళ్ళు మెల్లగా లేస్తాయని, కొన్ని మాత్రం ఇక లేవవని కంపెనీ ఆయన చెప్పాడు. అవి లేచేదాకా క్యాంటీన్‌వాడు ఆగాలి కదా. మరునాడు ఎర్రగుంట్లకు నేనే పోయాను.

“నీ బేరాల సంగతి విన్యాను శెట్టీ. నాతో వద్దు” అన్నాడు క్యాంటీను కాంట్రాక్టరు, నేను నోరు తెరవకముందే. “దినానికి నలభై ట్రేలు వస్తాయా, రావా?”

“వస్తాయి.”

“ధర పాతదే.”

“పాతదే.”

నా జీవితంలో అంత తొందరగా ముగిసిన బేరం ఇంకొకటి లేదు. తగ్గిన ట్రేలను వేరే షెడ్డులో వాళ్ళు చెప్పిన ధరకు కొని, మోపెడ్ వెనక కట్టుకుని నేనే మోయడం మొదలుపెట్టాను. తరతరాలుగా గుడ్డు ముట్టని ఇంటి వాణ్ణి, స్పీడు బ్రేకరు కనపడితే దిగి, బండిని పసిబిడ్డను నడిపించినట్టు నడిపించేవాణ్ణి. దారిలో లారీల వాళ్ళు, “ఏం శెట్టీ, ఇంట్లో శుభకార్యమా?” అని కేకలేసేవాళ్ళు. ఇంటికొస్తే వాకిట్లోనే ఆపి, అమ్మ దూరం నుంచి బిందె తోసేది. తల మీద నుంచి మూడు బిందెలు పోసుకుంటేనే లోపలికి రానిచ్చేది. అది కొళాయిలో నీళ్ళు రాని కాలం, బిందె రెండు రూపాయలు.

ఇరవై రోజులకు కోళ్ళు లేచాయి, నలభై ట్రేలూ భాయ్ షెడ్డు నుంచే పోవడం మొదలైంది. క్యాంటీను ఆర్డరు నిలిచింది. ఆ తర్వాత ఎంజైమ్‌ను చెప్పిన ధరకే కొన్నాం. మా ఫ్రిజ్‌లోకి అమ్మ రానివ్వలేదు కాబట్టి భాయ్ ఇంట్లో, పాలగిన్నె పక్కన పెట్టాం. డీసీపీ సగమే తీశాం. కోళ్ళు చక్కగా నిలబడ్డాయి. కంపెనీ ఆయన మొదటిరోజు చెప్పింది అక్షరాలా ఇదే.

ఇక లెక్క. బేరంలో తగ్గించిన ఎనభై రూపాయలను నేనెప్పుడూ జమ కిందే రాసుకుంటాను, ఈసారి రాయడం లేదు. భాయ్‌కి తగ్గించింది పోను డీసీపీలో నాకు మిగిలింది వెయ్యినూట నలభై. ఖర్చు: వేయించిన ఎంజైమ్ ఏడు వందల ఇరవై, కోళ్ళు లేచేదాకా మామూలు కంటే ఎక్కువ పాళ్ళలో ఉచితంగా వేసిన డీసీపీ పద్దెనిమిది వందలు, బయట కొన్న గుడ్ల మీద నష్టం తొమ్మిది వందలు, పెట్రోలు నాలుగు వందలు, స్నానాల నీళ్ళు నూట ఇరవై. మిగిలింది తీసేస్తే నాకు పోయింది రెండు వేల ఎనిమిది వందలు. చాలాకాలం బజారులో ఈ లెక్కే చెప్పి జాలి సంపాదించాను.

భాయ్ వైపు లెక్క ఇప్పుడు వేస్తున్నాను. మళ్ళీ లేవని కోళ్ళు నలభై, తొంభై చొప్పున మూడు వేల ఆరు వందలు. ఆ ఇరవై రోజుల్లో అతని కోళ్ళు పెట్టకుండా పోయిన గుడ్లు మూడు వందల ట్రేలు, క్యాంటీను ధర ముప్పై తొమ్మిది చొప్పున పదకొండు వేల ఏడు వందలు. మొత్తం పదిహేను వేల మూడు వందలు. అతను అడగలేదు, నేను ఇస్తానని అనలేదు. ఇకపై నీ దాణా మీద లాభం వేసుకోనని మాత్రం అన్నాను. ఆరు నెలలు వేసుకోలేదు, ఆ తర్వాత మెల్లగా మళ్ళీ వేసుకున్నాను. ఆ ఆరు నెలల్లో వదులుకున్నది ఆరు వేలు. అది పోను తొమ్మిది వేల మూడు వందలు భాయ్‌కి నేనింకా బాకీ.