పలచబడ్డ బ్యాచ్

ఇవాళ మధ్యాహ్నం నేనొక తప్పు చేశాను. చేసి, దాన్ని పదిమంది ముందు మరొకరి నెత్తిన పెట్టాను. ఉప్పల్‌లో మా ఇంటి వెనక గల్లీలో కొందరు ఆడవాళ్లు సంఘం పెట్టుకుని గిన్నెలు తోమే లిక్విడ్ తయారు చేస్తారు. నేను నాచారంలో ఒక సబ్బుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యానని తెలిసి పిలిచారు. నేర్పడం నాకు సరదా. నిజం చెప్పాలంటే, "సారుకు మస్తు ఎరుక" అనిపించుకోవడం ఇంకా సరదా.

ఆ లిక్విడ్‌కు ప్రాణం ఎస్‌ఎల్‌ఈఎస్ అనే తెల్లటి పేస్టు. షాంపూలోనూ, చేతులు కడిగే లిక్విడ్‌లోనూ, కార్లు కడిగేచోట లేచే నురుగులోనూ ఉండేది అదే. దాని అణువుకు ఒక కొసన నీళ్లంటే ఇష్టం, రెండో కొసన జిడ్డంటే ఇష్టం. జిడ్డు కొసలు పళ్లేనికి అంటిన నూనెను పట్టుకుంటాయి, నీటి కొసలు బయటికి లాగుతాయి, నూనె నీళ్లతోపాటు కొట్టుకుపోతుంది. పట్టుకోవడానికి జిడ్డు దొరకనప్పుడు ఆ అణువులు జిడ్డు కొసలను లోపల దాచుకుని ఉండల్లా గుమిగూడతాయి. కాస్త ఉప్పు వేస్తే ఆ ఉండలు దారాల్లా సాగి ఒకదానికొకటి చిక్కుపడతాయి. నీళ్లలా ఉన్నది తేనెలా అవుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు గారడీయే. కానీ ఉప్పు హద్దు దాటిందంటే మళ్లీ పలచబడుతుంది. వేడి మీద ఆ హద్దు కనబడదు, వేడిలో అది ఎలాగూ పలచగానే ఉంటుంది కనుక.

ఈ చివరి ముక్క నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీలో మిక్సింగ్ ట్యాంకు దగ్గర పనిచేసే పెద్దాయన చెప్పాడు. భువనగిరి వైపు మనిషి. అందరం మామ అనేవాళ్లం. కర్రతో కలిపి పైకెత్తి, కొసనుంచి జారే ధారను చూసి బ్యాచ్ సంగతి చెప్పేసేవాడు. నేను చిక్కదనం కొలిచే మిషన్ తుడిచి పెట్టేలోపు ఆయన బీడీ కాల్చుకోవడానికి గేటు దాటేవాడు. నేను చేరిన మొదటి ఎండాకాలంలో, వేడి బ్యాచ్ చిక్కబడటం లేదని ఇంకో బస్తా ఉప్పు వేయమన్నాను.

"జర ఆగుండ్రి సారూ. గిప్పుడు ఎచ్చగున్నది. సల్లబడితే గదే గట్టిపడతది," అన్నాడు మామ.

"కెమిస్టు నువ్వా, నేనా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి, బస్తా విప్పాడు. మర్నాటికి ట్యాంకు నిండా మబ్బుపట్టిన నీళ్లు. మేనేజర్ అడిగితే, ఉప్పు వేసింది మామేనని చెప్పాను. అది అబద్ధం కాదు. అందుకే మరింత నీచం. ఆయనను డ్రమ్ములు దొర్లించే పనికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఎదురైతే "మంచిగున్నరా సారూ" అనేవాడు, నేను వాచీ చూసుకుంటూ తప్పుకునేవాణ్ణి. తర్వాత అన్నోజిగూడలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను. వెళ్లి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను, ఉప్పల్ నుంచి ఒక్క బస్సు. ఆ తర్వాత పోయాడని విన్నాను.

ఇంత తెలిసినవాణ్ణి ఇవాళ చేసిందేమిటి? మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎండకు కాగి ఉన్నాయి. పేస్టు తొందరగా కరుగుతుందని అవే పోయించాను. నాగోల్‌లో ఒక హాస్టల్‌కు సాయంత్రానికి డబ్బాలు పంపాలి. ఆ హడావుడిలో, చిక్కబడలేదని మళ్లీ మళ్లీ ఉప్పు వేయించాను. భోజనం చేసి వచ్చేసరికి డ్రమ్ములో నీళ్లు. కలిపే పని చేసే ఆవిడను నేను చెల్లె అంటాను. ఆమె మీద విరుచుకుపడ్డాను: "ఇంత ఉప్పు ఎవరు పొయ్యమన్నారు?"

"మీరే గదనే అన్నా, ఇంకింత ఎయ్యిమన్నది!"

"దాని శెయ్యే గంత. కూరలగూడ గిట్లనే ఏస్తది," అని పక్కావిడ నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సంఘం పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "రేపటి సంది నువ్వు మూతలు బిగించు. కలుపుడు ఇంకోలు సూస్తరు," అంది. చదువు రాని చెల్లెను ఆ గుంపులో మిగతావాళ్లు వచ్చి అడిగే పని ఆ కలపడమొక్కటే. ఆమె కర్రను గోడకానించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

ఇంట్లో కుర్చీలో పది నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. ఇది రేపటిదాకా ఆగకూడదనుకున్నాను. నాచారం వెళ్లి కొత్త పేస్టు కొని ఆటోలో వేయించుకుని, తిన్నగా చెల్లె ఇంటి ముందు దిగాను.

"నాకేం పనన్నా ఆడ? మూతలకు రేపొస్త," అంది, గుమ్మం దాటకుండా.

"తప్పు నాది. అది అందరి ముందర చెప్తాను. నువ్వు అక్కడ ఉండాలి."

వచ్చింది. వేడి నీళ్లు పోయించింది నేనని, ఉప్పు వేయించింది నేనని, తెలిసి తెలిసి ఆమె మీదికి నెట్టానని చెప్పాను. మామ సంగతి కూడా చెప్పాను.

"గట్లైతే సారునే మూతలకు పెడదాం," అంది పెద్దావిడ. కర్ర తీసి చెల్లె చేతికిచ్చింది.

హాస్టల్‌కు ఫోన్ చేసి, ఆలస్యం నా వల్లేనని చెప్పాను. తర్వాత చెల్లె చెప్పినప్పుడల్లా చెప్పినంత పేస్టు, చల్లటి నీళ్లు పోశాను, ఉప్పు ముట్టుకోలేదు. చాలాసేపటికి ఆమె కర్ర పైకెత్తి, ధారను చూసి తల ఊపింది. నేను వెళ్లి మూతల బుట్ట ముందు కూర్చున్నాను. తప్పు నాదని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం దాకా రావడానికి నాకొక ఉద్యోగమంతా, మరొక మనిషి ఆయుష్షంతా పట్టాయి.