టిక్కెట్టు కొనని ఊరు

ఇలా దగ్గరకొచ్చి కూకోండి. పీట ఆ మూలనున్నాది, లాక్కోండి. నేను చేసిన తప్పొకటి చెబుతాను, నడుమ లేచిపోకండి.

మా నాన్నది బిలాస్‌పూర్ రైలింజన్ల షెడ్డులో డ్యూటీ, మా ఆయనదీ అక్కడే. పుట్టింది క్వార్టర్లో, కాపరం చేసింది క్వార్టర్లో. ఆయన రిటైరయ్యాక ఊరవతల, రెండు హాల్టుల దూరంలో ఓ చిన్న పల్లెలో ఇల్లు కట్టుకున్నాం. ఆయన పోయినా నేనక్కడే ఉన్నాను. పల్లెకీ మెయిన్ రోడ్డుకీ నడుమ వాగు. వానలు పడితే దాని మీది రపటా, అదే నేలబారు వంతెన, మునిగిపోతాది, ఆటో రాదు, మోటార్ సైకిలూ రాదు. పొద్దున్న ఏడింటికి ఆగే పాసింజరు బండొక్కటే మాకు దారి.

రైల్వే ఇంటిదాన్ని కదా, జన్మలో టిక్కెట్టు కొని ఎరగను. టీటీ వస్తే "స్టాఫ్" అనేదాన్ని. పల్లె ఆడోళ్లు కూరల గంపలతో నా పక్కన కూచుంటే "వీళ్లూ మావాళ్లే బాబూ" అనేదాన్ని. ఆ టీటీ నవ్వి పోయేవాడు. నేనేదో ఉపకారం చేస్తున్నాననుకున్నాను.

మొన్న వానాకాలం మొదట్లో హాల్టులో కమీషన్ మీద టిక్కెట్లమ్మే ఆయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అమ్మా, వచ్చే నెల నుంచి బండి ఇక్కడ ఆగదంటన్నారు. ఎవరూ ఎక్కని చోట ఎందుకు ఆపాలని."

"ఎక్కకపోడమేటి? రైలు డబ్బా నిండా మనోళ్లే కదా."

"ఊళ్లో ఎంతమందున్నారో వాళ్లకెందుకు, టిక్కెట్టు ముక్కలే వాళ్లకి మనుషులు. సగం ఊరు ఇటికల బట్టీల పనికి పోయి ఇంకా తిరిగి రాలేదు. ఉన్న సగాన్ని మీరు మీవాళ్లని చేసేసుకున్నారు. ఎల్లుండి ఆఫీసరొచ్చి చూసుకుంటాడు."

పక్కింటామె గోడవతల నుంచి అంతా వింటున్నాది. ఆమె పెనిమిటికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బిలాస్‌పూర్ ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించాల. ఒక్కసారి తప్పినా ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు.

"నువ్వు చెప్పబట్టే కదా దీదీ, నేనూ కొనలేదు," అంది. కోపంగా కాదు. అందుకే నాకు అన్నం సయించలేదు.

ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. "ఇన్నాళ్లూ ఊరికే ఎక్కించి ఇప్పుడు కొనమంటావేటి, కమీషన్లో వాటా ఇస్తానన్నాడా?" అని ఒకావిడ. "వాటా ఏటి, తిట్లిచ్చాడు. రెండు నీకూ పెట్టనా?" అన్నాను. నవ్వారు గానీ, నాట్ల రోజులు, పొలం వదిలి ఎవరొస్తారు?

మూడోనాడు తెల్లారేసరికి ఒకటే వాన. రపటా కనబడట్లేదు. ప్లాట్‌ఫారం మీద నేనూ, పక్కింటామే, దుప్పటి కప్పుకుని ఆమె పెనిమిటీ, గంపలతో మరో నలుగురూ. అంతే. టిక్కెట్టు గదిలో ఆఫీసరు కాగితం ముందేసుకుని కూచున్నాడు. కిటికీలో చెయ్యి పెట్టాను గానీ ఏమడగాలో తెలీలేదు. వెనకనుంచి ఆమే అంది, "బిలాస్‌పూర్ అను దీదీ."

ఆఫీసరు కళ్లద్దాల మీంచి చూశాడు. "రోజూ ఇంతమందేనా?"

"కాదు బాబూ. డబ్బా నిండేది. టిక్కెట్టు లేకుండా ఎక్కించింది నేను. రాస్తే నా మీద రాయండి, ఈయనెక్కే బండిని మాత్రం ఇక్కడ ఆగనివ్వండి," అని దుప్పట్లోని మనిషిని చూపించాను.

ఆఫీసరు కలం మూత తీశాడు. "దీపావళి దాకా బండి ఇక్కడ ఆపి, టిక్కెట్లెన్ని తెగుతాయో చూడమని రాస్తాను. పైవాళ్లు వింటారో లేదో చెప్పలేను."

ఒకటో తారీకు పొద్దున్న, బండి ఆగుతాదో లేదో చూడ్డానికి ఊరంతా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాది. మలుపులో ఇంజను కనబడింది. వేగం తగ్గలేదు. పక్కింటామె నా చెయ్యి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. బ్రేకులు కీచుమన్నాక కూడా వదల్లేదు.

దీపావళి ఇంకా రాలేదు. అందుకే రోజూ కిటికీ దగ్గర నేనే నిలబడతాను. టిక్కెట్టు లేకుండా ఎవరైనా జారుకుంటే కొంగు పట్టి వెనక్కి లాగుతాను.

మీ ఇంటినుంచి పని మీద బయల్దేరినవాళ్లకి బండి అందాల, దీపాల వేళకి నవ్వుతూ గుమ్మం తొక్కాల. మీ ఇల్లు చల్లగుండాల.