తలకిందులైన సీసా

తొంభైల చివర్లో మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కుట్టుపని నేర్పేవాళ్లు కూడా బోర్డు మీద 'హైటెక్' అని రాయించుకుంటుంటే, ఒక కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ మాత్రం నిజంగానే కొత్త పని చేశాడు. చిన్న అణువులు ఎవరూ అతికించకుండానే ఒకదాన్నొకటి పట్టుకుని, వెంట్రుకకన్నా వేల రెట్లు సన్నని పోగులుగా అల్లుకునే ద్రవం తయారుచేశాడు. పాళ్లు కాస్త మారిస్తే పోగు మందం మారుతుంది. చల్లగా ఉంటే గట్టి జెల్లు, వేడి తగిలితే పట్టు వదిలి మళ్లీ నీళ్లు.

అతనికి కావలసింది ప్రయోగాలకు ఒక గది. ఇవ్వవలసినవాడు కాలేజీ అధ్యక్షుడు, కిరాణా వ్యాపారం చేసే తెలుగు సేఠ్. ఆయన్ని ఒప్పించడానికే మే నెలలో సభ పెట్టారు.

నేను తెలుగు పత్రిక విలేకరిని. వార్త కవరు మూడు గంటల ఆదిలాబాద్ బస్సుకు అందించాలి. సభ నాలుగింటికి. మా వృత్తి ఆచారం ప్రకారం జరగబోయేది జరిగినట్టే రాసి పంపాను: సీసా తలకిందులు చేసినా జెల్లు జారలేదనీ, అధ్యక్షుడు అక్కడికక్కడే గది ప్రకటించారనీ.

సేఠ్ గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. ఆ తర్వాత శాలువాలు, కొబ్బరికాయలు, నలుగురి ప్రసంగాలు. ఫొటోలో కనిపించాలని సీసాను ఐసులోంచి ముందే తీసి బల్ల మీద పెట్టారు. షామియానా కింద మేమే కరిగిపోతున్నాం.

చివరికి లెక్చరర్ మూత తీసి సీసా తిప్పాడు. అంతా సేఠ్ కొత్త శాలువా మీద పడింది.

"మళ్ల చల్లవెడ్తే గడ్డకడ్తది సేఠ్‌జీ! దాని గొప్పతనమే గది. జర ఆగుండ్రి!"

"మా దుకాణంల కొబ్బరినూనె గూడ గిట్లనే జేస్తది సార్. దానికి శాలువా ఎవడు గప్పిండు?" అంటూ సేఠ్ లేచాడు.

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, బస్సు గుర్తొచ్చేదాకా.

రెండు రోజుల తర్వాత సేఠ్ పిలిపించాడు. ఆయన తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. వార్తను గుమాస్తా చదివి వినిపించాడట. రాజురా వైపు తెలుగు రైతులు దుకాణానికొచ్చి మరీ మెచ్చుకుంటున్నారట.

"నేను గది ఇస్తనంటినా?"

"అచ్చయింది కదా సేఠ్‌జీ."

సేఠ్ పేపరు మడిచి గల్లాపెట్టెలో పెట్టాడు. "అచ్చయినంక ఇయ్యకుంటే ఇజ్జత్ పోతది."

ఇచ్చాడు. విరిగిన బెంచీలు పడేసే గది, పైన సిమెంటు రేకులు. ఎండాకాలమంతా అందులో ఒక్క జెల్లూ గడ్డకట్టలేదు. తప్పు నాదే. వార్తలో గది అని రాశాను గానీ, పైకప్పు సంగతి రాయలేదు.